కొండ కింద తెల్లసుద్ద

ఢిల్లీ రిడ్జ్‌లోని పింగాణీ మట్టికి శాస్త్రం ఒక పేరు పెట్టింది, చట్టం ఇంకో పేరు పెట్టింది. కొండల భవితవ్యం ఇప్పుడు ఆ పేర్ల మీదే ఆధారపడింది

దక్షిణ ఢిల్లీలో వసంత్ విహార్ బంగళాలకూ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ దగ్గర్లో కుసుంపూర్ పహాడీ అనే బస్తీ ఉంది. చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసేవాళ్లు, కాపలాదారులు, డ్రైవర్లు కాపురముండే ఇరుకు గల్లీలు. నగరానికి ఆ పేరు గుర్తొచ్చేది ఎక్కువగా ఎండాకాలంలోనే, నీళ్ల ట్యాంకరు చుట్టూ బిందెల బారు పత్రికల్లో కనిపించినప్పుడు. భూగర్భ శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో మాత్రం కుసుంపూర్‌కు వేరే గుర్తింపు ఉంది. మహిపాల్‌పూర్‌తో పాటు ఇది రాజధానిలో పింగాణీ మట్టి దొరికే చోటు. కప్పులు, సాసర్లు, బాత్‌రూం టైల్స్, కాగితం మీద నునుపు, చివరికి కడుపునొప్పి మందుల్లోనూ వాడే ఆ తెల్లని సుద్ద కోసం ఈ గుట్టల్ని ఏళ్ల తరబడి తవ్వారు.

అసలు ఢిల్లీలో కొండలున్నాయంటేనే చాలామంది నమ్మరు. ఆరావళి పర్వతాల ఉత్తరపు కొస గుజరాత్ నుంచి రాజస్థాన్, హర్యానాల మీదుగా వచ్చి ఢిల్లీలో రిడ్జ్ పేరుతో యమున ఒడ్డున ముగిసిపోతుంది. మైదానం సముద్ర మట్టానికి 200 మీటర్ల చిల్లర ఎత్తులో ఉంటే, దక్షిణాన భాటీ వైపు అత్యంత ఎత్తైన చోటు 318 మీటర్లు. తిరుమల కొండ చూసిన కళ్లకు ఇది దిబ్బలాగే అనిపిస్తుంది. కానీ వయసులో దీన్ని తక్కువ అంచనా వేయకూడదు. ఈ క్వార్ట్‌జైట్ రాయి పుట్టి వంద కోట్ల ఏళ్లు దాటింది. హిమాలయాలు దీని ముందు నిన్నమొన్నటి పిల్లలు.

తమాషా ఏమంటే, క్వార్ట్‌జైట్ నుంచి బంకమట్టి పుట్టదు. అది దాదాపు మొత్తం సిలికా. ఎంత నలిగినా ఇసుకే అవుతుంది. ఢిల్లీ మేస్త్రీలు తరతరాలుగా 'బదర్‌పూర్' అని పిలిచే ఎర్రటి గరుకు ఇసుక అలా వచ్చిందే. భాటీ గనుల నుంచి వచ్చిన ఆ ఇసుకతో నగరంలో ఎన్నో ఇళ్లు లేచాయి. అక్కడి తవ్వకాలు 1990ల ఆరంభంలో ఆగాయి, ఆ నేల ఇప్పుడు అసోలా-భాటీ వన్యప్రాణి అభయారణ్యంలో భాగం.

తెల్లమట్టి కథ వేరు. క్వార్ట్‌జైట్ పొరల్లోకి ఎప్పుడో పెగ్మటైట్ అనే శిల చొచ్చుకొచ్చింది. క్వార్ట్‌జ్, అభ్రకం, ఫెల్డ్‌స్పార్ కలిసిన ముతక రాయి అది. కాస్త ఆమ్ల గుణమున్న వాననీరు లక్షల ఏళ్లు ఇంకి ఇంకి ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియాన్ని కడిగేసింది. మిగిలిన అల్యూమినా, సిలికా నీటితో కలిసి కేవొలినైట్‌గా మారాయి. ఆ పేరు కూడా ఒక కొండదే. చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ దగ్గరి గావోలింగ్ అనే గుట్ట పేరే పాశ్చాత్యుల నోట కేవొలిన్ అయింది. ఇనుము లేని చోట ఈ మట్టి తెల్లగా ఉంటుంది, ఉన్న చోట గులాబీకో పసుపుకో తిరుగుతుంది. ఇనుము శాతం కొంచెం పెరిగితే చాలు, పింగాణీ కర్మాగారం వాడు మొహం తిప్పుకుంటాడు.

మట్టిని చూడగానే 'బంక' అనేయడం తెలుగువాళ్లకూ అలవాటే. అన్ని బంకలూ ఒకటి కావు. 0.002 మిల్లీమీటర్ల కంటే సన్నని రేణువుల్ని శాస్త్రం బంక అంటుంది, అంతవరకే పోలిక. కర్నూలు, ఆదిలాబాద్‌ల నల్లరేగడిలో ఉండే స్మెక్టైట్ ఖనిజంలో రెండు సిలికా పొరల మధ్య ఒక అల్యూమినా పొర ఇరుక్కుని ఉంటుంది. అలాంటి దొంతరల మధ్యకు నీళ్లు సులువుగా దూరిపోతాయి. అందుకే వానకు నేల ఉబ్బుతుంది, వేసవికి కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది, ఇళ్ల గోడలు చీలుస్తుంది. కేవొలినైట్‌లో ఒక సిలికా పొర, ఒక అల్యూమినా పొర మాత్రమే. ఒక దొంతర ఇంకోదాన్ని హైడ్రోజన్ బంధాలతో గట్టిగా పట్టుకుంటుంది, నీటికి సందు దొరకదు. ఉబ్బదు, నెర్రెలివ్వదు. పోషకాలను పట్టి ఉంచడంలోనూ అంతే తేడా. వంద గ్రాముల స్మెక్టైట్ 80 నుంచి 150 మిల్లీ ఈక్వివలెంట్ల అయాన్లను పట్టుకుంటే, కేవొలినైట్ 3 నుంచి 15 దగ్గరే ఆగిపోతుంది. రైతుకు పనికిరాని ఈ పేదరికమే పింగాణీ చేసేవాడికి సంపద. ఎండినా కాలినా పెద్దగా వంకర పోని మట్టి వాడికి కావాలి.

అయితే ఢిల్లీ కుమ్మరి చక్రానికి మాత్రం ఈ మట్టి ఒక్కటే చాలదు. తెల్లసుద్దకు సాగే గుణం తక్కువ, గట్టిపడాలంటే 1,200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. కట్టెల ఆవంలో ఆ వేడి రాదు. పశ్చిమ ఢిల్లీ ఉత్తమ్‌నగర్‌లోని కుమ్హార్ కాలనీలో వందల కుటుంబాలు కుండలు, కూజాలు, ప్రమిదలు చేస్తాయి. రాజస్థాన్, హర్యానాల నుంచి 1970లలో వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువ. వాళ్లకు కావలసింది ఇనుము కలిసిన ఒండ్రు బంక. అది హర్యానా పల్లెల నుంచి బండ్లకెత్తుకుని వస్తుంది. ఢిల్లీలో ఒండ్రు లేక కాదు, తవ్వడానికి నేల మిగలక.

ఈ నేలలకు పాత ఢిల్లీ రైతులు పెట్టుకున్న పేర్లు నాలుగు. యమున వరద మేటవేసే ఖాదర్, వరదకు అందని పాత ఒండ్రు బాంగర్, నజఫ్‌గఢ్ వైపు నీళ్లు నిలిచే పల్లపు నేల డాబర్, గుట్టల నేల కోహీ. మన దగ్గర చల్కా, దుబ్బ, రేగడి, చౌడు అన్నట్టే. రెవెన్యూ లెక్కలకు ఇవి సరిపోయాయి. ఎందుకంటే పేరు వినగానే శిస్తు ఎంత రావాలో తెలిసిపోతుంది. బ్రిటిష్ రసాయనవేత్త జె.డబ్ల్యు. లెదర్ 1898లో దేశపు నేలల్ని గంగా మైదానపు ఒండ్రు, నల్లరేగడి, ఎర్రనేల, లేటరైట్ అని నాలుగు గంపల్లో వేశారు. నల్లనేలకు ఇంగ్లిష్‌లో స్థిరపడిన 'రేగర్' అన్న మాట మన రేగడి నుంచే వెళ్లిందంటారు.

ఆ తర్వాతి అడుగు ఢిల్లీలోనే పడింది, అందులో ఇంటిపేరు వినగానే తెలుగువాళ్లు పోల్చుకోగల వ్యక్తి ఉన్నారు. బీహార్‌లోని పూసాలో ఉన్న వ్యవసాయ పరిశోధన సంస్థ 1934 జనవరి భూకంపంలో కూలిపోయాక 1936లో ఢిల్లీకి తరలింది. ఊరు మారినా జనం నోట పేరు మారలేదు, కరోల్‌బాగ్ పక్కన అది ఇప్పటికీ పూసాయే. దానికి తొలి భారతీయ డైరెక్టర్ వ్యవసాయ రసాయనవేత్త రావు బహదూర్ భాగవతుల విశ్వనాథ్. ఆయన ఎ.సి. ఉకిల్‌తో కలిసి 1943లో భారతదేశ నేలల పటం వెలువరించారు. కింది రాయి ఏదన్నదొక్కటే చూడకుండా వాతావరణం, రంగు, రేణువుల తీరు కూడా లెక్కలోకి తెచ్చిన ప్రయత్నమది. అఖిల భారత నేలల సర్వే పథకం 1956లో అదే సంస్థ నుంచి మొదలైంది.

ఆపైన అమెరికా పద్ధతి వచ్చింది. దాని ప్రకారం పూసా పొలాల ఇసుకపాటి నేల చాలాకాలం 'టిపిక్ ఉస్టోక్రెప్ట్'. 1990ల చివర అమెరికావాళ్లు నియమాలు సవరించేసరికి అదే నేల 'టిపిక్ హాప్లుస్టెప్ట్' అయి కూర్చుంది. నేలలో ఒక్క రేణువూ కదల్లేదు, పరిశోధన వ్యాసాల్లో మాత్రం పేరు మారింది. రిడ్జ్ మీది పలుచని రాతినేలలు ఎంటిసాల్స్ కిందికి వస్తాయి. అంటే పొరలు ఏర్పడేంత తీరిక దొరకని నేలలని అర్థం. వాన కొట్టుకుపోతూ ఉంటే పొర ఎక్కడ కుదురుతుంది? పక్కనే పాతాళంలోకి దిగిన తెల్లసుద్దకు ఆ పట్టికలో చోటే లేదు. అది నేల కాదు, ఖనిజం.

ఖనిజం అనగానే చట్టం రంగంలోకి దిగుతుంది. పింగాణీ మట్టి సహా 31 ఖనిజాలను కేంద్రం 2015 ఫిబ్రవరిలో 'చిన్నతరహా' జాబితాలోకి మార్చి రాష్ట్రాల చేతికిచ్చింది. ఆ జాబితాలో చైనా క్లే ఒక వరుసలో, కేవొలిన్ ఇంకో వరుసలో ఉన్నాయి. ఒకే మట్టికి రెండు నంబర్లు! పదేళ్ల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, ఫెల్డ్‌స్పార్, అభ్రకం, క్వార్ట్‌జ్‌లను బెరైటీస్‌తో పాటు మళ్లీ ప్రధాన ఖనిజాల్లో చేర్చారు. పెగ్మటైట్‌లో లిథియం వంటి విలువైన లోహాలు ఉండే అవకాశం అందుకు కారణం. కాబట్టి ఇప్పుడు తల్లిరాయిలోని ఖనిజాలన్నీ ప్రధానమైనవి, దానికి పుట్టిన సుద్ద చిన్నతరహాది.

ఇంతకంటే పెద్ద పేచీ కొండ ఏది అన్న దగ్గర వచ్చింది. ఫరీదాబాద్, గుర్‌గావ్ గుట్టల్లో తవ్వకాలను సుప్రీంకోర్టు 2002లో ఆపింది, 2009లో మేవాత్‌ను కూడా కలిపి మరింత బిగించింది. 2025 నవంబర్ 20న మాత్రం, చుట్టుపక్కల నేల కంటే 100 మీటర్లు అంతకుమించి లేచి ఉంటేనే ఆరావళి కొండగా లెక్కించాలన్న కమిటీ నిర్వచనాన్ని ఆమోదించింది. ఆ కొలబద్ద పెడితే రిడ్జ్‌లో చాలా భాగం కొండే కాదు. జనం రోడ్డెక్కారు, పర్యావరణవేత్తలు గొంతెత్తారు. కోర్టు డిసెంబర్ 29న తన ఆదేశాలను తానే నిలిపివేసి, విషయాన్ని మళ్లీ నిపుణులతో పరిశీలింపజేయాలంది. పొట్టి గుట్టను కొట్టిపారేయడం అన్యాయమే. ఆ పగుళ్ల రాయిలోంచే వాననీరు భూగర్భంలోకి దిగుతుంది. నీటి కోసం బిందెలు పెట్టుకునే నగరం ఎత్తును బట్టి కొండ విలువ కట్టడం వింతగానే ఉంటుంది.

కుసుంపూర్ తవ్వకాల గుంతలకు ఈలోగా ఇంకో ఉపయోగం దొరికింది. వసంత్ విహార్ వైపు దాదాపు 690 ఎకరాల పాత గనుల నేలను ఢిల్లీ అభివృద్ధి సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం సాయంతో ఆరావళి జీవవైవిధ్య పార్కుగా మార్చింది. గుర్‌గావ్‌లో ఇదే పేరుతో మరో పార్కుంది. అదీ పాత గనుల నేలే కావడంతో ఈ రెంటినీ కలగాపులగం చేయడం మామూలు. ఇక్కడ ముందు చేయాల్సి వచ్చింది సర్కారు తుమ్మతో యుద్ధం. బ్రిటిష్ కాలంలో తెచ్చి చల్లిన ఆ మొక్క గనులు వదిలేసిన బోడినేలంతా కమ్మేసింది. దాన్ని విడతలు విడతలుగా తగ్గిస్తూ ఆరావళి సొంత చెట్లను తిరిగి నాటారు. లోతైన గుంతల్లో చల్లదనం నిలుస్తుంది, గాలి తగలదు, ఎండ సూటిగా పడదు. అందుకే ఒక గుంతలో ఆర్కిడ్‌లు, మరోదాంట్లో ఫెర్న్‌లు పెంచుతున్నారు. తెల్లసుద్ద కోసం లారీలు దిగిన బాటల్లో ఇప్పుడు ఉదయం పూట వసంత్ విహార్ వాళ్లు నడకకు వస్తారు.