ముట్టుకొని చూసే బొమ్మ

గోడపత్రిక కింద వేలాడుతున్న అట్ట నేను చేసిందే. వారం రోజులుగా అందరూ "ఇదేటి బొమ్మే? గోడ పెచ్చు ఊడినట్టుంది" అని నవ్వుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

డ్రాయింగు అనగానే మనమందరం రెండు కొండలు, మధ్యన సూర్యుడు, కింద ఏరు, పక్కన కొబ్బరిచెట్టు వేస్తాం. నేనూ ఆరో తరగతి నుంచి అదే వేశాను. కాని నేను సీతంపేట కొండల్లో పుట్టిన సవర పిల్లను. అలాంటి కొండని నేనెప్పుడూ చూడలేదు. మా కొండ కాళ్ళకి తెలుస్తుంది. పోడు కాల్చిన చోట బూడిద మెత్తగా ఉంటుంది. మోళ్ళు గుచ్చుకుంటాయి. అది పెన్సిలుతో రాదు.

మా సవరల ఇళ్ళల్లో ఎర్రమట్టి గోడమీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. వాటిలో మనుషులు, జంతువులు, చెట్లు ఉంటాయి. ఎవరు చూసినా పోల్చుకుంటారు. నా దాంట్లో అలాంటి ఆకారాలు లేవు. చేతికి తగిలే గరుకు, మెత్తన మాత్రమే ఉన్నాయి. ఇలాంటి దాన్ని నైరూప్య చిత్రం అంటారని డ్రాయింగు సారు చెప్పారు. ఇటలీలో అల్బెర్టో బుర్రి అనే డాక్టరు రెండో ప్రపంచయుద్ధంలో ఖైదీగా ఉన్నప్పుడు బొమ్మలు మొదలుపెట్టి, తర్వాత చిరిగిన గోనెలు కుట్టి, అంటించి చిత్రాలు చేశాడట. అది విని నాకు ధైర్యం వచ్చింది. గోనెలు మన దగ్గరా ఉన్నాయి కదా!

సామాన్లకి పైసా ఖర్చు కాలేదు. సబ్బుల అట్టపెట్టె, పాత గోనె, ఎర్రమట్టి, బొగ్గు, బూడిద, ఊక, కొండచీపురు పుల్లలు, పుచ్చిపోయిన చోళ్ళు. జిగురు కోసం చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికించాను. చేర్యాల బొమ్మలవాళ్ళు కూడా గుడ్డకి చింతపిక్కల జిగురు, సుద్దమట్టి పూస్తారని సారు చెప్పారు.

నున్నటి అట్టకి మట్టి పట్టదు. అందుకని ముందు గోనె అంటించి, దానిమీద ఊక కలిపిన మట్టి మెత్తాను. ఒక మూల మాత్రం ఉత్తమట్టి పెట్టాను. మట్టి ఆరితే కుంచించుకుపోతుంది. ఊక ఉంటే పట్టి ఉంచుతుంది, లేకపోతే పగుళ్ళొస్తాయి. మా అమ్మ గోడ మెత్తేటప్పుడు ఊక కలిపేది అందుకే. నాకు ఆ మూల పగుళ్ళే కావాలి. మధ్యలో జిగురు రాసి బొగ్గుపొడి, బూడిద దట్టించాను. పుల్లలు విరిచి గుచ్చాను. పైన చోళ్ళు అంటించాను.

పోయిన ఆదివారం అమ్మ వచ్చింది. అమ్మకి చదువు రాదు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. అమ్మ వచ్చినప్పుడల్లా గోడపత్రికలో నేను రాసింది చదివి వినిపిస్తాను. అమ్మ అక్షరాలకేసి చూడదు, నా మొహంకేసి చూసి తలూపుతుంది. బాగుందో బాగులేదో ఎప్పుడూ చెప్పదు. ఈసారి నేనేమీ చదవలేదు. అమ్మే అట్టమీద చెయ్యేసి నెమ్మదిగా తడిమింది. బూడిద దగ్గర ఆగి వేళ్ళు చూసుకుంది. పగుళ్ళ మూల దగ్గర మా సవర మాటలో, "ఇక్కడ వాన పడలేదా?" అని అడిగింది. తర్వాత, "చోళ్ళు ఇంత ఒత్తుగా జల్లితే మొక్క ఎదుగుతుందా?" అని కోప్పడింది.

నేను చేసినదానికి అమ్మ వంకపెట్టడం ఇదే మొదటిసారి. వంకపెట్టాలంటే ముందు చదవాలి కదా! నాకు పదికి పది మార్కులొచ్చినంత సంతోషమైంది.

మీరు కూడా మీ ఊరి మట్టి, ఆకులు, పీచు తెచ్చి చెయ్యండి. తినే గింజలు మాత్రం పాడుచెయ్యొద్దు. ఎండలో బాగా ఆరబెట్టండి, తడి ఉంటే బూజు పడుతుంది. నా అట్టని ఊరికే చూసి వెళ్ళిపోకండి, ముట్టుకొని చూడండి. కొంచెం మసి అంటుతుంది. కడుక్కుంటే పోతుంది.

— 9వ తరగతి విద్యార్థిని