ఆదోని కొండపై రంగుటద్దములు

మా మామగారు స్వర్గస్థులైన పిదప వారి ఇనుపపెట్టెలో, పాతపంచాంగములకును దస్తావేజులకును అడుగున, ఒక చిన్న తోలుసంచి దొరకినది. అందు రెండు గాజుబిళ్ళలు ఇత్తడిచట్రములలో బిగింపబడియున్నవి. ఒకటి పసుపువన్నెది, రెండవది దానిమ్మగింజవలె ఎఱ్ఱనిది. "ఇవి ఏ బొమ్మలాటవాని సామానులో!" యని అత్తగారు నవ్విరి గాని, వెంటనే జ్ఞాపకము తెచ్చుకొని, వయసుననున్నప్పుడు మామగారు ఫొటోలు తీసెడివారనియు, కెమెరా ఏనాడో చెడిపోగా ఈ ఫిల్టరులు మాత్రము దాచుకొనిరనియు చెప్పిరి. మావారు ఎమ్మిగనూరిలో ఉపాధ్యాయులు. పిల్లలకు చరిత్ర చెప్పునపుడు చూపుటకు బొమ్మలు కావలెనని నిరుడు ఒకరు వాడి విడిచిన డిజిటల్ కెమెరాను కొనిరి. ఆ కెమెరాకు మామగారి గాజులు తగిలించి ఆదోని కోటను తీయవలెనని మాకు బుద్ధి పుట్టినది. ఆ పని యెట్లు సాగెనో, అందు మేము నేర్చినదేమో, చేసిన తప్పేమో సోదరీమణులకు విన్నవించుకొనుచున్నాము.

ముందుగా గాజు లెన్సుకు పట్టవలెను గదా! ప్రతి లెన్సు ముఖముచుట్టును, అడ్డగీత గల సున్నపక్కన, ఒక సంఖ్య చెక్కబడియుండును. అది మరచుట్టు వెడల్పు, మిల్లీమీటర్లలో. మా లెన్సుకు 49; మామగారి గాజులకు 52. నడుమ బిగించుటకు ఒక సన్నని కట్టు దొరకును, దానిని తెప్పించితిమి. గాజు పెద్దది, లెన్సు చిన్నదియైన ఇట్లు సర్దుకొనవచ్చును. లెన్సు పెద్దదై గాజు చిన్నదైనచో బొమ్మ నాలుగు మూలలును నల్లబడును. ఒకదానిపై నొకటిగా రెండు గాజులు తగిలించినను అదే చిక్కు. మేము తొలుత ఈ కట్టుతోపాటు ధూళి పడకుండ కాపాడునను మాట విని యొక చౌకరకపు తెల్లగాజును కూడ కొంటిమి. సూర్యునికి కొంచె మెదురుగా తిరిగినంతనే బొమ్మనిండ వెలుతురుచుక్కలు తేలినవి. డిజిటల్ కెమెరాకు అతినీలకాంతిని వారించు గాజు వేఱుగ అక్కఱలేదు; ఆ యేర్పాటు దానిలోపలనే యున్నది. మా యూళ్ళ నల్లరేగడి దుమ్మునకు మాత్రము గాజొకటి అడ్డముండుట మంచిదే. అది మేలైనదిగా నుండవలెను, మెత్తని గుడ్డతో తుడిచినదిగా నుండవలెను.

ఇక ఫిల్టరు చేయు పని యేమి? చాలమంది అది రంగు పూయునని తలతురు. మేమును అట్లే తలచితిమి. అది పూయదు, తీసివేయును. జల్లెడ పిండికి ఏమియు చేర్చదు గదా! పసుపుగాజు నీలికాంతిని చాలవఱకు ఆపి తక్కిన కాంతిని పోనిచ్చును. ఆకాశము నీలముగా కనబడుట గాలి నీలికాంతిని హెచ్చుగా చెదరగొట్టుటచేత. మబ్బున సర్వవర్ణములును కలసియుండుటచే అది తెలుపు. నీలమును జల్లెడపట్టినచో ఆకాశము నల్లబడి, మబ్బు తెల్లగానే నిలుచును. రెండింటికిని భేదము తేలును. అయితే ఇది నలుపుతెలుపు బొమ్మలకు మాత్రమే. కెమెరాను నలుపుతెలుపు పద్ధతికి త్రిప్పకయే మేము తీసిన మొదటిబొమ్మ వసంతోత్సవమున పసుపునీళ్ళు చల్లినట్లుండెను.

మా యవ్వగారి ఇంట నొక పాతఫొటో యుండెడిది. అందు ఆకాశము వట్టి తెల్లకాగితము. అవ్వగారి నొసటి కుంకుమ కాటుకవలె నలుపు. చిన్ననాడు అది పనివాని తప్పనుకొంటిమి. ఆకాలపు గాజుపలకలు నీలికాంతినే హెచ్చుగా గ్రహించెడివట, ఎఱుపును చూడజాలనివట. పలకలకు అద్దకపురంగులు కలిపి తక్కిన వర్ణములను కూడ చూపించు ఉపాయమును 1873లో జర్మనీలో వోగెల్ అనువారు కనుగొనిరి. తరువాతనే యీ పసుపుగాజులకు పూర్ణప్రయోజనము కలిగినది. 1892లో రాజా దీన్ దయాళ్ గారు హైదరాబాదులో ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగ జెనానా స్టూడియో పెట్టి, దానిని నడుపుటకు స్త్రీనే నియమించిరి. అక్కడ తీయించుకొన్న దొరసానుల చీరలవన్నెలు ఆ పలకలపై ఎట్లు మారినవో యని మాకు తఱచు తోచును.

ఆషాఢమాసమున ఒక ఆదివారమునాడు, తెల్లవాఱకముందే, మావారును అత్తగారును మేమును బస్సెక్కితిమి. ఎమ్మిగనూరినుండి ఆదోనికి 30 కిలోమీటర్లకు అటు నిటు. దారిపొడుగున దున్ని విడిచిన నల్లరేగడి చేలు. ఆరుద్ర కార్తె జరుగుచున్నది గాని వాన జాడలేదు. ప్రత్తిగింజ పెట్టువారు గట్లపై కూర్చుండి పడమటివంక చూచుచుండిరి. ప్రత్తి పండిననాడు ఆదోని మార్కెట్టుదారులన్నియు బండ్లతో నిండిపోవును. పండనినాడు ఈ పల్లెలనుండి కుటుంబములు మూటలు కట్టుకొని గుంటూరు సీమకు కూలికి పోవును.

ఆదోని చేరుసరికి ఎండ సన్నగా వచ్చినది. కొండలని చెప్పుట కంటె, ఎవరో పనిగట్టుకొని గుండ్లపై గుండ్లు పేర్చిరని చెప్పుట మేలు. ఆ గుండ్లనడుమనే కోటగోడ ఎక్కడానొక్కడ తొంగిచూచును. విజయనగరపు రాజులనాటి యీ దుర్గము 1568లో బిజాపురమువారి వశమైనది. సిద్ది మసూదుఖాను పాలనలో, పదునేడవ శతాబ్దమున, ఊరిలోని జామియా మసీదు వెలసినది. 1786లో టిప్పుసుల్తాను ముట్టడించెను. 1800లో నిజాము దీనిని ఇంగ్లీషువారికి దత్తము చేసెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు ఆదోని బళ్ళారి జిల్లాలోనిది. అందుచేతనే నేటికిని బజారున తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే బేరమున కలసి వినబడును.

రణమండల కొండపై ఆంజనేయస్వామి సన్నిధికి మెట్లున్నవి. అత్తగారు మోకాళ్ళనొప్పిచే క్రిందనే వేపచెట్టునీడను కూర్చుండిరి. మేము పైకెక్కి, సూర్యుని వీపువైపు నుంచుకొని, పసుపుగాజు తగిలించితిమి. సూర్యునిదిక్కున ఆకాశము తెల్లగా వెలవెలబోవును, దిగంతమునొద్దను అంతే. లేని నీలమును ఏ గాజు తీయగలదు? వీపున సూర్యుడుండగా ఎదుట కనబడు ముదురునీలముననే యిది పనిచేయును. ముందు గాజు లేక ఒకటి, గాజుతో ఒకటి తీసి పోల్చితిమి. మొదటిదానిలో గుండ్లును ఆకాశమును ఒకే బూడిదవన్నెలో కలసిపోయినవి. రెండవదానిలో గుండ్లు వేఱు, గోడ వేఱు, మబ్బు వేఱు. కంటికి కనబడినట్లే యున్నది. మామగారు పసుపుగాజును ఎక్కువగా వాడియుందురని దాని యంచున నఱిగిన గీతలు చెప్పుచున్నవి.

గాజు కాంతిని తీసివేయునని చెప్పితిమి గదా, దానికి మూల్యము చెల్లింపవలెను. పసుపుగాజునకు సుమారు రెండింతల వెలుతురు కావలెను, ఎఱ్ఱగాజునకు ఎనిమిదింతలు. గాజు లేక సెకనులో 125వ వంతు తెఱచిన చాలుచోట, ఎఱ్ఱగాజుతో 15వ వంతు తెఱవవలెను. అంతసేపు చేయి కదలక యుండదు. కెమెరాయే లెక్క సరిచూచుకొనును గాని, చేతివణకును అది సరిచేయజాలదు. మేము ప్రాకారపుగోడపై చీరకొంగు మడిచి పెట్టి, దానిపై కెమెరా నుంచితిమి. దూరమున చేలపై నీలముగా కప్పిన మంచువంటి పొరను ఎఱ్ఱగాజు చాలవఱకు తొలగించును. దుమ్ముతెరను మాత్రము తొలగింపజాలదు. ఇంకొకమాట: డిజిటల్ కెమెరాలోని సన్నని కాంతికణ్ణులలో నాలుగింట నొకటియే ఎఱుపునకు ఏర్పడినది. కావున ఎఱ్ఱగాజుతో బొమ్మ కొంత ముతకయగును. మామగారి ఫిల్ముకు ఆ యిబ్బంది లేదు.

ముతకయైననేమి, ఆ బొమ్మ చూచి మాకు ఒడలు పులకరించినది. ఆకాశము ఇంచుమించు నలుపు. దానిపై చిన్న చిన్న తెల్లమబ్బులు గర్జింపనున్నట్లు నిలిచినవి. ఎఱ్ఱచాయ గల గుండ్లు తెల్లబడినవి, వేపచెట్లు నల్లబడినవి. ఆ యుత్సాహముతోనే దిగివచ్చి, గాజు తీయకయే, అక్కడ పూలమ్ముచున్న ముత్తైదువనొకతెను అత్తగారి సరసన కూర్చుండబెట్టి ఆమె యనుమతిపై ఫొటో తీసితిమి. వెనుకతెరలో చూపగానే ఆమె మొగము చిన్నబోయినది. నొసట రూపాయంత కుంకుమ ఉండగా బొమ్మలో బొట్టు లేదు! ఎఱ్ఱగాజు ఎఱుపును యథేచ్ఛగా పోనిచ్చుటచే బొట్టును నొసలును ఒకే తెలుపైపోయినవి. "అమ్మాయీ, ముత్తైదువ బొట్టు చెరిపితివే! మొదట ఆ గాజు తీయుము" అని అత్తగారు కసరిరి. గాజు తీసి మరల తీసితిమి, బొట్టు వచ్చినది. ఆమె ఆ బొమ్మను రెండుమార్లు చూచి గాని మమ్ము విడువలేదు. మనుష్యులకు, అందును స్త్రీలకు, ఎఱ్ఱగాజు పనికిరాదు. కుంకుమ తేటగా కనబడవలెనన్న ఆకుపచ్చగాజు మేలు.

మధ్యాహ్నము తిరుగుప్రయాణమున బస్సు ఒకచోట ఆగినది. ప్రక్కన దున్నినచేను, దానిపై దూదిపింజలవంటి మబ్బులు. అవి వానమబ్బులు కావు, గాలితో పరుగెత్తు వట్టిమబ్బులు. ఎఱ్ఱగాజుపై మోజు తీరక మరల తగిలించి ఒక బొమ్మ తీసితిమి. అది ఆనాటి బొమ్మలన్నిటిలోను మేటి. ఇంటికి వచ్చి బంధువులందఱికిని ఫోనులో పంపితిమి; "మన యూరి చేలు, ఈనాడు" అని మాత్రము వ్రాసితిమి.

రాత్రి భోజనములైన పిదప ఫోను మ్రోగినది. మావారి మేనమామ. ఆయనకు ఆ దారిలోనే నాలుగెకరముల మెట్ట కలదు. మోకాలి వైద్యమునకై బెంగుళూరిలో కూతురింట నుండిరి. "ఏమ్మా, మబ్బు బాగా పట్టిందే మన పక్క! రాత్రికి పడ్తాదా, పడిందా? నేను పొద్దున బస్సుకి వస్తాండా. గొర్రు మనిషికి బయానా పంపిచ్చినా. ఇత్తనాలకి చెప్పల్ల" అనిరి. మాకు నోట మాట రాలేదు. "లేదు మామా, చినుకు పడలేదు. అది ఎఱ్ఱగాజు పెట్టి తీసిన బొమ్మ. మబ్బు అంత లేదు" అంటిమి. కొంతసేపు అవతల నిశ్శబ్దము. "గాజులో మబ్బా? ఆ మాట అప్పుడే చెప్పల్ల గదమ్మా" అనిరి. కోపముగా అనలేదు, అదియే మాకు ఎక్కువ కష్టముగ నుండెను. బయానా తిరిగిరాలేదు. మావారు ఇయ్యబోగా మామయ్య పుచ్చుకొనలేదు. తడిలేని నేలలో ప్రత్తిగింజ పెట్టించియుండినచో ఆ నష్టమునకు బయానా లెక్కలోనిది కాదు.

మేము అబద్ధము చెప్పలేదు. గాజు ఏమియు చేర్చలేదు, నీలమును తీసివేసినదంతే. కాని తీసివేసితిమని చెప్పకపోవుటచే వాన కఱవైన యూళ్ళో వాన కలిగినట్లైనది. నాటినుండి ప్రతి బొమ్మక్రిందను ఏ గాజు వాడితిమో వ్రాయుచున్నాము. మావారు బడిలో కోటబొమ్మలు చూపునపుడు కూడ గాజు లేనిదానిని ముందు, ఉన్నదానిని తరువాత చూపుదురు.

రంగుబొమ్మలకై తరువాత పోలరైజరు అను గాజును కొంటిమి. ఇది చూపునకు పొగవన్నె. చట్రములోనే గుండ్రముగ తిరుగును. కాంతి అన్నిదిక్కుల ఊగుచు వచ్చును. నీటిపైనను ఆకుపైనను ఏటవాలుగ పడి తిరిగినపుడు ముఖ్యముగా ఒక్కదిక్కుననే ఊగును. ఆ యూపును ఈ గాజు ఆపగలదు. 1921లో సర్ సి. వి. రామన్ గారు ఇంగ్లండునుండి ఓడలో తిరిగివచ్చుచు, మధ్యధరా సముద్రమున, ఇట్టి పనిచేయు నికల్ పట్టకముతో అలలపై మెఱపును తీసివేసి చూడగా, సముద్రపునీలము పోకపోగా ఇంకను ముదిరినదట. ఆ నీలము ఆకాశపు నీడ మాత్రము కాదని వారు అందుచే నిశ్చయించిరి. నోబెలు బహుమానము 1930లో వచ్చినది; దానికి దారితీసిన చింతనము ఆ యోడపై మొదలైనది.

మాకు సముద్రము లేదు గాని ఎమ్మిగనూరి నేతపేట కలదు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో చేనేతకారుల సహకారసంఘము వెలసిన యూరిది. వారికి 1954లో పద్మశ్రీ బిరుదు వచ్చినది. అద్దకము వేసిన చిలపలు దండెములపై ఆఱుచుండగా తీసితిమి. తడినూలుపై ఎండ తళతళలాడి రంగు వెలిసినట్లు కనబడుచుండెను. గాజును మెల్లగా త్రిప్పగా తళుకు తగ్గి, నూలు అద్దకపుతొట్టినుండి అప్పుడే తీసినట్లు నిండుగా కనబడినది. జరీమెఱపు మాత్రము పోలేదు. లోహపుతళుకు ఈ గాజునకు లొంగదు. ఆకాశమునకు వాడవలెనన్న చూపుడువ్రేలు సూర్యునివైపు చాచి, బొటనవ్రేలు దానికి అడ్డముగ నిలిపి చేయి త్రిప్పుడు. బొటనవ్రేలు చూపు దిక్కులలో నీలము మిక్కిలి ముదురును. దీనికిని మూడు నాలుగింతల వెలుతురు కావలెను.

పుష్యమి కార్తెలో వాన పడినది. మామయ్య వచ్చి గొఱ్ఱు కట్టించిరి. ఒక ఫొటో తీయుమని మాకు కబురు చేసిరి. పోయితిమి. చేను నల్లగా, తడిగా నుండెను. మబ్బు క్రిందికి దిగి యుండెను. మామయ్య కెమెరాను అటునిటు చూచి, "గాజు ఏమైనా పెట్టినావా అమ్మాయీ?" అనిరి. "లేదు మామా, ఉట్టి లెన్సే" అంటిమి. తువాలుతో మొగము తుడుచుకొని, గొఱ్ఱుమేడిపై చేయివేసి నిలువబడిరి.