చౌమహల్లాలో పసుప్పచ్చ కారు

హైదరాబాదు వెళితే గాజుల కోసం లాడ్ బజారుకి వెళ్ళడం మనందరికీ అలవాటే కదా! ఈసారి అక్కణ్ణించి నాలుగడుగులు వేసి చౌమహల్లా ప్యాలెస్ కూడా చూశాం. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.

దర్బారు హాల్లో షాండ్లియర్లు చూసి నోరు తెరిచాను గానీ, నన్ను కదలనివ్వనిది మాత్రం 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. పసుపు రంగు, వెనకాల సింహాసనంలాంటి సీటు! ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చారట. 1911లో ఆయన పోయారు. కారొచ్చేసరికి గద్దె మీద కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. ఏళ్ళ తరబడి మూలపడ్డ ఆ బండిని తరవాత బాగుచేయించి ఇక్కడ పెట్టారు.

అది వినగానే నల్గొండలో మా షెడ్డు గుర్తొచ్చింది. మామగారు తన పాత ఫియట్‌ని ఊడదీసి, సగం బాగుచేసి, మూడేళ్ళ కిందట కన్నుమూశారు. తుక్కుకి వేసేద్దామని మావారంటే, అడ్డం తగ్గుతుందని నేనూ సరేనన్నాను. ఇప్పుడు మనసొప్పలేదు.

ఇంటికి రాగానే ఆయన సర్దిన బిస్కెట్ డబ్బాలు తెరిచాం. నేను ఆవకాయ జాడీలకి అంటించినట్టే అన్నిటికీ చీటీలు! "ఎడమ వెనక బ్రేకు", "కార్బురేటరు - కడిగాను". ఆఖరి డబ్బా ఖాళీ. చీటీ మాత్రం ఉంది: "గేరు బుష్షులు - పుత్లీబౌలిలో అడగాలి".

మావారు ఏమీ మాట్లాడకుండా ఆ చీటీ జేబులో పెట్టుకున్నారు. సోమవారం మళ్ళీ హైదరాబాదు ప్రయాణం. ఈసారి గాజులకి కాదు లెండి!