చెల్లె నెత్తి

మా చెల్లె నెత్తి నిండ ఎంట్రుకలతోనే పుట్టింది. మంత్రసాని కడిగి అమ్మ పక్కన పండబెట్టుకుంట "పిల్ల గాదే, గొర్రెపిల్లను గన్నవ్" అన్నదట. అది 1979. మాది పాలమూరు జిల్లాల ఒక ఊరు. ఊరవతల మా మాదిగవాడ. నాకప్పుడు తొమ్మిదేండ్లు. అమ్మ, నాయిన కూలికి పోతే చెల్లెను సంకకెత్తుకునేది నేనే. రెండో తరగతితో నా బడి ఆగింది అందుకే. మళ్ల బడికెట్ల పోయిన్నో అది వేరే కత.

పుట్టెంట్రుకలు పదకొండో నెలల ఎల్లమ్మకిస్తమని మొక్కుకున్నరు. దానికొక యాట కావాలె. మొదటి కత్తెర వెయ్యనీకె మేనమామ కావాలె. గుండు గియ్యనీకె మంగలి కావాలె. యాటకు పైసల్లేవు. మేనమామ బొంబాయిల కూలి మీదున్నడు. మంగలి మా వాడకు రాడు. మా నాయిన, చిన్నాయినలు వేపచెట్టు కింద కూసోని ఒకరి నెత్తి ఒకరు గీక్కునేటోళ్లు. నేను ఆ మంగలిని తిట్టను. మా నెత్తి మీద పెట్టిన కత్తి అని తెలిస్తే దొర ఆయనను ఊర్ల ఉండనిస్తడా? నాయినే గీద్దామంటే ఏడాది పిల్లకు మాడు ఇంకా పూడలేదు, ఆయన కత్తి మొద్దుది, అవ్వ ఒప్పుకోలేదు. "మూడో ఏట తీద్దాం తియ్" అన్నది. ఎంట్రుకలు మాత్రం మూడో ఏటి దాంక ఆగుతయా? రెండేండ్లకు చెల్లె జుట్టు నడుం దాంక దిగింది.

ఉన్నోళ్ల ఇండ్లల్ల పసిపిల్లకు జుట్టు పొడుగుంటే ముచ్చట. మాకది పని. నులకమంచం మీద పండబెడితే నులకల చిక్కుకునేది. తొట్టెల తాడుల చిక్కుకునేది. నేను సంకకెత్తుకుంటే నా మోచేతి కిందవడి గుంజుకపోయేది, పిల్ల కెవ్వుమనేది. కండ్లల్ల వడి పుసులు కట్టేది. ఎండకాలం జుట్టు కింద సెగగడ్డలు లేస్తే పగిలి చీము కారేదాంక మాకు ఎరుకయ్యేది కాదు. అవ్వ అప్పుడే నాకు నేర్పింది: పొద్దుగూకంగనే ఒళ్లె పండబెట్టుకొని, జుట్టు పాయలు పాయలు తీసి, నెత్తి తోలు చూడాలె. జుట్టును కాదు, కిందున్న తోలును. బిగ్గ జడ అల్లితే నొసటికాడ ఎంట్రుకలు ఊడొస్తయి, అందుకని వదులుగ పైకి ముడేసి మెత్తటి గుడ్డపేలిక కట్టేది. పిన్నులు పెట్టనియ్యకపోయేది. పిల్ల పీకి నోట్లె వేసుకుంటదని.

పేన్లకు అందరు గ్యాసునూనె రాసేటోళ్లు. పక్కింటి పిల్లకు రాస్తే నెత్తంత బొబ్బలెక్కింది. పొయ్యికాడ ఆడుకునే పిల్లల నెత్తికి గ్యాసునూనె రాయడం ఎంత భయమో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తది. మా అవ్వ రాయనియ్యలేదు. పేన్ల దువ్వెన, గోళ్లు, ఓపిక. హాస్టళ్లల్ల ఉన్న మన చెల్లెండ్లకు ఈ సంగతి నేను చెప్పేదేముంది! నీళ్లుండయి, నూనె ఉండదు, వార్డెను కత్తెర మాత్రం ఉంటది.

ఇంకొక సంగతి చెప్పాలె. చెల్లెకు మూడో నెల నడుస్తున్నప్పుడు ఒక రాత్రంత గుక్కపట్టి ఏడ్సింది. దిష్టి తగిలిందన్నరు. ఉప్పు తిప్పిన్రు, మిరపకాయలు తిప్పిన్రు. తెల్లారుజామున అవ్వ బుడ్డి దగ్గరికి పెట్టి ఒళ్లంత వెతికింది. కాలి చిన్నవేలుకు ఒక ఎంట్రుక చుట్టుకొని కోసుకపోయింది. వేలు రేగ్గాయ లెక్క ఉబ్బి ఎర్రగయింది. అది అమ్మ ఎంట్రుక. కాన్పయిన మూడు నెలలకు తల్లి జుట్టు రాలుతది కద. అవ్వ సూది మొనతోని సగం గంట తీసింది. బతికిపోయింది వేలు. ఊరికే ఏడ్సే పిల్లకు చేతివేళ్లు, కాలివేళ్లు, మగపిల్లగాడైతే ఉచ్చపోసే కాడ కూడ చూడాలె. ఎంట్రుక తోలుల దిగిపోతే కంటికి కనవడదు. అప్పుడు ఇంట్ల కూసోవద్దు, దవాఖానకు ఉరకాలె. ఆలస్యమైతే వేలే పోతది.

ఇగ అసలు సంగతికి వస్త. 1981 వానకాలం చెల్లెకు జ్వరం. పదిహేను రోజులు. జ్వరముంటే తలకు నీళ్లు పొయ్యొద్దని జుట్టు ముట్టలేదు. నేను కూడ చూడలేదు. నాట్లకు పోతే అద్దసేరు వడ్లు ఎక్కువిస్తరని అమ్మ నన్ను గూడ తీస్కపోయింది. చెమట, తాగించిన జావ, చినిగిన బొంత రాపిడి... జ్వరం తగ్గేటాళ్లకు నెత్తి వెనకాల జుట్టంత ఒక ముద్దయింది. గోనెసంచి నార లెక్క. వేలు దూరదు.

మొదలు చూసింది పటేలింటి ముసలామె. కళ్లంకాడ చెల్లెను చూసి దూరంనుంచే దండం పెట్టింది. "ఎల్లమ్మ జడలు గట్టిందే! దువ్వెన పెట్టొద్దు, కత్తెర పెట్టొద్దు" అన్నది. మాదిగ పిల్లకు పటేలింటామె దండం పెట్టడం మా వాడ అదే మొదలు చూడటం. మా నాయిన మొకం ఎండిపోయింది. ఆ దండం అర్థం మాకు ఎరుకే. మర్నాడు పటేలు కబురు: "జాతరకు పిల్లకు పట్టం కట్టిద్దాం. ఖర్సు నేను వెట్టుకుంట."

పుట్టెంట్రుకలకు యాట కొనే దిక్కులేని ఇంటికి, జోగినిని చెయ్యనీకె మాత్రం ఖర్సు ఎవరో పెట్టుకుంటడు. పిల్లకు దేవుని పేరు మీద లగ్గం చేస్తరు. పెద్దమనిషి అయినంక ఊర్ల పెద్దోళ్ల పాలయితది. జాతరల ఆడాలె, శవాల ముందట ఆడాలె. ఇదంతా మాల మాదిగ పిల్లలకే. పటేలింట్ల ఏ పిల్లకు జ్వరమొచ్చినా జుట్టు చిక్కువడదా? వాళ్లకది చిక్కు. మాకే ఎల్లమ్మ. 1947ల మద్రాసు రాష్ట్రంల దీని మీద చట్టమొచ్చింది గాని, నిజాం ఏలుబడిలున్న మా దిక్కుకు అది రాలేదు. ఆంధ్రప్రదేశ్‌ల చట్టం 1988ల వచ్చింది. చెల్లె నెత్తి ముద్దకట్టిన ఏడేండ్లకు.

ఆ రాత్రి మా ఇంటికి మేనత్త వచ్చింది. నాయినకు పెదనాయిన బిడ్డ. ఆమె జోగిని. ఆమె నెత్తి మీద మూడు జడలు తాళ్ల లెక్క వేలాడేవి. చిన్నప్పుడు ఆమెకు గూడ అట్లనే కట్టినయట. నాయిన బ్లేడు చేతిల వట్టుకొని కూసున్నడు, గీకుదామా వద్దా అని. అత్త బ్లేడు గుంజుకున్నది.

"కోస్తే తప్పు నీ మీద వడ్తది, దండుగ గట్టిస్తరు. ఇప్పుదాం. ఇప్పితే అమ్మనే ఇప్పిందంట."

మూడు రాత్రులు పట్టింది. నేను బుడ్డి పట్టుకున్న, నిప్పు జుట్టుకు తాకకుండ దూరంగ. ఆముదం గోరువెచ్చగ చేసి ముద్ద నానేదాంక పోసింది. దువ్వెన ముట్టలేదు. ఒక చేత్తోని మొదట్ల, నెత్తికి ఆనించి బిగ్గవట్టి, రెండో చేతి వేళ్లతోని కొసల నుంచి పైకి ఒక్కొక్క ఎంట్రుక విడదీసింది. మొదట్ల పట్టుకుంటే గుంజినా పిల్లకు నొప్పి తెలియదు. చెల్లె అమ్మ రొమ్ము నోట్ల వెట్టుకొని నిద్రపోయింది. పైనుంచి దువ్వితే ముడి ఇంక బిగుసుకుంటదని, కింది నుంచే రావాలని అత్త గుసగుసగ చెప్తుంటే నాకు అనుమానమొచ్చింది. ఇన్ని తెలిసినామె తన నెత్తినెందుకు ఇడిసిపెట్టుకున్నది? అడగలేదు. మూడో రాత్రి ఒక్క ముడి మాత్రం రాలేదు. దాన్ని అడ్డంగ కొయ్యకుండ, ఎంట్రుక వాటంగ నిలువుకు కత్తెర దించి చీల్చింది. చీలిన పీసు పొయ్యిల వేసింది. కమురు వాసన రావద్దని మీద వేపాకు వేసింది.

పొద్దున్నే అత్త ఊరి మధ్యల నిలవడి పూనకమొచ్చినట్లు ఊగింది. "పిల్ల నాకొద్దు, ఇప్పిన, ఇప్పిన" అన్నది. ఎల్లమ్మ నోట మాట. పటేలు ఏమంటడు? ఆమెకు జడలుండబట్టే ఆ మాట చెల్లింది. నాలుగు రోజులకు నాయిన చెల్లెకు గుండు గీసిండు. యాట లేదు, మేనమామ లేడు.

చెల్లె ఇప్పుడు ఏఎన్నెం. తండాలకు, వాడలకు పోతది. జ్వరమొచ్చిన పిల్లకు జుట్టు వెనకకు పెట్టి చూస్తది, ముడి కనవడితే సంచిలకెళ్లి నూనె సీస తీస్తది. ఆ సీస సర్కారియ్యలేదు, ఆమె సొంతానిది.

మేనత్త 1996ల చచ్చిపోయింది. ఆఖరి స్నానానికి ముందు మా అమ్మ ఆముదం తెచ్చింది. మేమిద్దరం అత్త తల ఒళ్లె పెట్టుకొని కూసున్నం. ఆ మూడు జడల మీద సీస మొత్తం ఒంపినం. కొసలకాడ వేలు పెట్టి చూసినం. మధ్యాహ్నందాంక చూసినం. పాడె కట్టినోళ్లు తొందరపెట్టిన్రు. కొసల నాలుగు వేళ్ల మందం వచ్చింది. మిగిలింది రాలేదు.