సాక నుంచి సాగ్రా దాకా

పంట చేతికొస్తే దేవుడికో చుక్క, మనిషికో గుక్క. బల్కంపేటలో అయినా ఇటలీ పల్లెలో అయినా ఆచారం ఒక్కటే. మరి ఆ గుక్కను నమ్మి తాగేదెలా? ఇటలీ ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంది. మనమింకా వెతుక్కోవాలి.

ఆషాఢం వచ్చిందంటే అమీర్‌పేట పక్క వీధుల రూపే మారిపోతుంది. ఏడాది పొడవునా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులూ, హాస్టళ్ల కరపత్రాలూ, టిఫిన్ బండ్ల దగ్గర కుర్రాళ్ల గుంపులతో కిటకిటలాడే దారుల్లో ఆ నెల మొదటి మంగళవారం నాడు ఎటు చూసినా పసుపు చీరలూ వేపమండలే. ఎస్సార్‌నగర్ నుంచి వచ్చినా బేగంపేట నుంచి వచ్చినా అందరూ చేరేది బల్కంపేట ఎల్లమ్మ గుడికే. ఆ రోజు అమ్మవారి కల్యాణం. మర్నాడు రథోత్సవం.

ఈ అమ్మను చూడాలంటే తల ఎత్తడం కాదు, దించాలి. ఎందుకంటే రేణుకా ఎల్లమ్మ ఇక్కడ కొలువైంది బావిలో. నేలకు దాదాపు పది అడుగుల దిగువన ఉంటుంది మూలవిరాట్టు. ఆ బావి నీళ్లే తీర్థం. ఒంటిమీద చల్లుకుంటే రోగాలు పోతాయని భక్తుల నమ్మకం. అందుకే సీసాల్లో నింపుకుని ఇంటికీ తీసుకెళ్తారు.

కల్యాణం తర్వాత నగరమంతా బోనాల సందడే. కొత్త కుండకు పసుపు పూసి, బొట్లు పెట్టి, లోపల బెల్లం అన్నమో పెరుగన్నమో ఉంచి, పైన దీపం వెలిగించి నెత్తిన ఎత్తుకుని ఆడవాళ్లు గుడికి నడుస్తారు. వెంట ఓ చిన్న చెంబు ఉంటుంది. అదే సాక. పసుపు, వేపాకులు కలిపిన నీళ్లను అమ్మవారి ముందు ధారగా పోసి చల్లగా చూడమని మొక్కుతారు. ఎల్లమ్మకైతే కల్లు సాక పోయడమూ తెలంగాణలో తరతరాల ఆనవాయితీ. అందుకు కారణం లేకపోలేదు. తాడెక్కి కల్లు గీసే గౌడుల ఇంటి దేవత ఎల్లమ్మ. జమిడిక మోగిస్తూ బైండ్లవాళ్లు రాత్రంతా చెప్పేదీ ఆ తల్లి కథే. చెట్టు మీదికి వెళ్లిన మనిషి క్షేమంగా దిగిరావాలంటే ఎల్లమ్మ దయ ఉండాలి, కాటమయ్య అండ ఉండాలి. అలా దిగొచ్చిన లొట్టిలోంచి మొదటి చుక్క దేవతది. తర్వాతే ఎవరిదైనా.

ఊరి పేరు వైన్ పండుగ

ఈ మర్యాద మనకొక్కరికే సొంతమనుకుంటే పొరపాటే. కల్లు స్థానంలో వైన్, తాటివనం స్థానంలో ద్రాక్షతోట, ఎల్లమ్మ స్థానంలో మేరీమాత... ఇటలీ పల్లెల్లో కనిపించేదీ ఇలాంటి దృశ్యమే. అక్కడి ఊరి జాతరను ‘సాగ్రా’ అంటారు. పవిత్రం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిందా పేరు. ఒకప్పుడు చర్చిని ప్రతిష్ఠించిన రోజున ఊరంతా కలిసి చేసుకునే వేడుక అది. రానురాను పంటల పండుగగా మారింది. ఓ ఊళ్లో చేపలకు సాగ్రా చేస్తే, ఇంకో ఊళ్లో ఉల్లిపాయలకు, మరో ఊళ్లో పుట్టగొడుగులకు. అన్నిటికన్నా జనం ఎగబడేది మాత్రం ద్రాక్ష సాగ్రాలకే.

వాటిలో పేరున్నది మరీనోది. రోమ్‌కు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కొండల మీదున్న చిన్న పట్నం మరీనో. అక్టోబరు మొదటి ఆదివారం నాడు జరిగే ఈ పండుగ 1925లో మొదలైంది. పొద్దున చర్చి ప్రార్థనలు, ఊరేగింపు. 1571లో లెపాంటో నౌకాయుద్ధంలో గెలిచి తిరిగొచ్చిన సేనాని మార్కాంతోనియో కొలొన్నాను ఆనాటి వేషాలతో మళ్లీ ఊళ్లోకి తీసుకొస్తారు. సాయంత్రం కూడలిలోని ఫౌంటెన్ దగ్గర జనం గ్లాసులు పట్టుకుని నిలబడతారు. నీళ్ల బదులు తెల్లని వైన్ ధార కడుతుంది! ఎవరైనా పట్టుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. 2008లో ఇక్కడో తమాషా జరిగింది. గొట్టాలు కలపడంలో తేడా వచ్చి ఫౌంటెన్‌కు చేరాల్సిన వైన్ కాస్తా కొన్ని ఇళ్ల కుళాయిల్లోకి పారింది. నల్లా తిప్పితే నీళ్లొస్తే చాలనుకునే మన నగరవాసులకు ఈ కథ వింటే నవ్వు రావాలో అసూయ కలగాలో!

మరీనో పండుగ పిల్లలకూ నచ్చుతుంది. గుత్తులు గుత్తులుగా ద్రాక్ష పంచుతారు. తాజా ద్రాక్షరసం కలిపి కాల్చిన తియ్యని రొట్టెలు, మన గారెల్లా మధ్యలో చిల్లున్నవి, ఆ ఊరి ప్రత్యేకం. ఫ్లోరెన్స్ దగ్గరి ఇంప్రునేతాలో 1926 నుంచి జరుగుతున్న ద్రాక్ష పండుగ ఇంకో తీరు. సెప్టెంబరు చివరి ఆదివారం నాడు ఊళ్లోని నాలుగు పేటలూ పోటీపడి పెద్ద పెద్ద శకటాలు కడతాయి. ఏ పేట శకటం గెలిచిందన్నదే ఆ ఏడంతా కబుర్లకు ముడిసరుకు. మన ఫలహారం బండ్ల ఊరేగింపులో వాడవాడకూ మధ్య సాగే పోటీ చూసినవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు.

రుచి చూడ్డానికీ ఓ పద్ధతి

జాతరలో తాగడం వేరు, రుచి చూడడం వేరు. ఇటలీలో రెండోదాన్ని ఓ విద్యలా నేర్చుకుంటారు. పండుగ దగ్గర గ్లాసు కొంటే దాన్ని పెట్టుకునే చిన్న సంచీ కూడా ఇస్తారు. మెళ్లో వేసుకుని ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లాలి. పోసేది రెండు మూడు గుక్కలే. ముందు తెల్లకాగితం మీదికి వంచి రంగు చూడాలి. గ్లాసు గుండ్రంగా తిప్పి వాసన పట్టాలి. ఆ తర్వాత చిన్న గుక్క నోట్లోకి తీసుకుని నాలుకంతా తగిలేలా పుక్కిలించాలి. అది మింగాలన్న నియమమేమీ లేదు. పక్కనే పాత్ర ఉంటుంది, ఉమ్మేయొచ్చు. రోజుకు పదుల రకాలు రుచి చూసే నిపుణులంతా చేసేది అదే. తాగి నిషా ఎక్కితే నాలుక పనిచేయదని వాళ్లకు తెలుసు. ఉమ్మితే అమర్యాదేమో అని మొహమాటపడేది కొత్తగా వెళ్లిన మనవాళ్లే!

వ్యాపారులకైతే వెరోనా నగరంలో ఏటా ఏప్రిల్‌లో ‘వినిటలీ’ అనే పెద్ద ప్రదర్శన ఉంది. 1967లో మొదలైంది. మామూలు యాత్రికులకు అంతకన్నా ముచ్చటగా ఉండేది మే చివరి శని, ఆదివారాల్లో జరిగే ‘కాంతీనే అపెర్తే’. అంటే ‘తెరిచిన సెల్లార్లు’ అని అర్థం. సెల్లారంటే మనకు అపార్ట్‌మెంట్ కింద కార్లు పెట్టుకునే చోటు. అక్కడ వైన్ పీపాలు దాచే చల్లని నేలమాళిగ. ఆ రెండు రోజులూ దేశమంతటా ఎన్నో తోటల యజమానులు తలుపులు బార్లా తెరుస్తారు. రైతే దగ్గరుండి తీగ చూపిస్తాడు. ఏ వాలులో ఎండ ఎక్కువ పడుతుందో, ఏ ఏడు వానలు ముంచాయో చెబుతాడు. ద్రాక్ష తొక్కే చోటు, పులిసే తొట్లు, పీపాలు... అన్నీ కళ్లముందే. గ్లాసు ఆఖర్న వస్తుంది.

తలుపులు ఎందుకు తెరిచారు?

ఈ అతిథి మర్యాదకు వెనక ఓ చేదు జ్ఞాపకం ఉంది. 1986 మార్చిలో ఇటలీలో చవక వైన్ తాగిన జనం ఒక్కొక్కరే ఆసుపత్రుల పాలయ్యారు. ఆరా తీస్తే, పలచటి వైన్‌కు ఘాటు పెంచడానికి కొందరు వ్యాపారులు మిథనాల్ కలిపారని తేలింది. అది పారిశ్రామిక అవసరాలకు వాడే విషం. 23 మంది చనిపోయారు. ఇంకొందరికి చూపు పోయింది. విదేశాలు ఇటలీ సరుకును ఓడరేవుల్లోనే ఆపేశాయి. తప్పు చేసినవాళ్లు కొందరే అయినా, నిజాయతీగా తోట సాగుచేసుకునే రైతుల పరువూ గంగలో కలిసింది.

అప్పుడే అక్కడివాళ్లకు ఓ సంగతి తెలిసొచ్చింది. తాగేవాడికీ పండించేవాడికీ మధ్య చూపు ఆనకపోతే, ఆ చీకట్లోనే కల్తీ పెరుగుతుంది. 1992లో వైన్ చట్టాన్ని తిరగరాశారు. ఏ ప్రాంతం పేరు పెట్టుకోవాలంటే ఆ ప్రాంతపు ద్రాక్షే, అక్కడి పద్ధతిలోనే వాడాలన్న నిబంధనలు బిగించారు. పై శ్రేణి సీసా మెడకు అంకె వేసిన ప్రభుత్వ ముద్ర ఉంటుంది. ఆ మరుసటి ఏడాది, 1993లో, ‘తెరిచిన సెల్లార్లు’ మొదలయ్యాయి. ‘నమ్మండి’ అనడం కన్నా ‘వచ్చి చూడండి’ అనడమే మేలన్న ఆలోచన అది. గుట్టలు గుట్టలుగా చవక వైన్ అమ్మే దేశం, తక్కువ చేసినా మంచిది చేసి పేరు నిలబెట్టుకునే దారి పట్టింది.

మళ్లీ మన లొట్టి దగ్గరికి...

2025లో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం జులై 1న జరిగింది. అదే నెల రెండో వారంలో, అక్కడికి అట్టే దూరం లేని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. నమూనాల్లో బయటపడింది ఆల్ప్రజోలం అనే మత్తుమందు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడని పేదలు. పగలంతా కష్టం చేసి, సాయంత్రం ఓ సీసాతో అలసట తీర్చుకుందామనుకున్నవాళ్లు.

ఇది కొత్త రోగం కాదు. నగరం పెరిగేకొద్దీ చెట్టు దూరమైంది. తాటి, ఈత వనాలు పోయి కాలనీలు వెలిశాయి. చెట్టు లేకపోయినా గిరాకీ ఉంది. ఆ లోటు పూడ్చడానికే మందు కలిసింది. అందుకే 2004లో జంటనగరాల్లో కల్లు దుకాణాలు మూతపడ్డాయి. గీత కార్మికుల బతుకుదెరువు పోయిందన్న ఆందోళనల తర్వాత, 2014 దసరాకు మళ్లీ తెరుచుకున్నాయి. మూసినప్పుడూ తెరిచినప్పుడూ చర్చంతా దుకాణం చుట్టూనే తిరిగింది. చెట్టును తాగేవాడికి చూపించాలన్న మాట మాత్రం పెద్దగా వినిపించలేదు.

నిజానికి కల్లుకున్న కథ వైన్‌కేమీ తీసిపోదు. తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాటిలో మళ్లీ పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు. ఒక్కో కాలానికి ఒక్కో చెట్టు, ఒక్కో రుచి. తెల్లారకముందు దించితే నీరా, తేనెలా తియ్యగా ఉంటుంది. పొద్దెక్కితే పులుపు, ఎండ ముదిరితే ఘాటు. ఉదయం ఏడింటి కల్లూ మధ్యాహ్నం రెండింటి కల్లూ ఒకటి కావు. పీపాలో ఏళ్లు పట్టే మార్పు ఇక్కడ ఒక్క పూటలో జరిగిపోతుంది. నడుముకు మోకు చుట్టుకుని, కత్తులు కట్టుకుని, అరవై అడుగుల చెట్టు చకచకా ఎక్కే మనిషిని చూస్తే ఏ దేశపు యాత్రికుడైనా నోరు తెరుస్తాడు. ఆ ఎక్కడంలో జారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. వాళ్ల రక్షణ కోసమే 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో తాళ్లు, బెల్టులున్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

నెక్లెస్ రోడ్డులో 2023 మేలో తెరిచిన నీరా కేఫ్ ఈ దారిలో ఓ అడుగు. పులియని నీరాను చల్లగా ఉంచి, కుటుంబంతో కూర్చుని తాగే చోటులో అమ్మడం అంతకుముందు నగరానికి తెలియదు. రెండో అడుగు పల్లెలోనే పడాలి. ఏడాదికి ఒక్క ఆదివారమైనా తాటివనాల తలుపులు తెరిచి, గీసేవాళ్ల చేతులమీదుగా లొట్టి దించి, పిల్లలకు నీరా, ముంజలు, పెద్దలకు తాటాకు దొప్పలో ఒక్క గుక్క పోస్తే? గీత సొసైటీలకు నాలుగు డబ్బులొస్తాయి, నగరానికి అసలు రుచి తెలుస్తుంది. 

గుక్క దగ్గర ఆగడం కూడా రుచిలో భాగమే. ఎంత తక్కువ తాగినా మద్యం పూర్తిగా సురక్షితం కాదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇటలీ రైతు గ్లాసులో రెండు గుక్కలే పోసేదీ, అమ్మవారికి సాక చెంబెడే పోసేదీ అందుకేనేమో అనిపిస్తుంది.

పల్లెలో కల్లు మండువాకు వెళ్లినవాడు ఇప్పటికీ ముందు అడిగే మాట ‘ఏ చెట్టుది?’ అనే. ఇటలీ సెల్లార్‌లో అతిథి అడిగేదీ అదే, ‘ఏ తోటది?’ అని. నగరంలో సీసా అందుకున్నవాడికీ ఆ మాట అడిగే హక్కుంది. దానికి జవాబు దొరికిన రోజే ఆ సీసాకు సాక పాటి మర్యాద.

వెళ్లాలనుకుంటే...

బల్కంపేట: అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ మెట్రో స్టేషన్లలో ఎక్కడ దిగినా గుడి దగ్గరే. కల్యాణం రోజున ట్రాఫిక్ మళ్లిస్తారు కాబట్టి సొంత వాహనం వద్దు. మంగళ, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. బావిలోని అమ్మను తీరిగ్గా చూడాలంటే మిగతా రోజుల్లో వెళ్లడం మంచిది.

ఇటలీ: షెంజెన్ వీసా కావాలి. మే చివర్లో సెల్లార్లు, సెప్టెంబరు, అక్టోబరుల్లో ద్రాక్ష పండుగలు. మరీనోకు రోమ్ టెర్మినీ స్టేషన్ నుంచి రైలుంది. తోటలకు కారులో వెళ్తే నడిపేవాళ్లు గ్లాసు ముట్టకూడదు. తిరిగొచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. సీసాలను చేతిసంచీలో కాకుండా పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య భద్రంగా పెట్టుకోవాలి.