కాళ్ళ కింది కొల్లేరు

నాలుగు దిక్కులు, ఆకాశం, నేల అన్నీ ఒకే చిత్రంలో ఇమిడే గోళాకార ఛాయాచిత్రాలు మన విద్యార్థులకు ఇప్పుడు కొత్త కావు. చూచేవారు ఎటు తల త్రిప్పినా దృశ్యమే. తల వంచితే మాత్రం కెమెరాను మోసిన ట్రైపాడ్ కాళ్ళు మూడూ కనిపించి ఆ మాయ చెడిపోతుంది.

తాడేపల్లిగూడెం నుండి రోజూ రైలులో వచ్చే మా విద్యార్థి ఒకడు కళాశాల ప్రదర్శనకు కొల్లేటి చిత్రం తీస్తానన్నాడు. మేము తెలుగు బోధించేవారమే గాని కెమెరా విద్య ఎరిగినవారము కాము. అయినా వెంట వెళ్ళినాము. ఏలూరు దాటి, ఒక చేపల చెరువు గట్టు మీద ట్రైపాడ్ నిలిపినాడు. లెన్సు పేరు ‘చేపకన్ను’ అట; ఆ గట్టు మీద ఆ పేరు విని నవ్వుకొన్నాము. చుట్టూ ఆరు చిత్రాలు, పైకి ఒకటి తీసినాడు. లెన్సులోనికి కాంతి ప్రవేశించే బిందువు కదలకుండా కెమెరా తిరగాలి. లేకుంటే దగ్గరి వస్తువులు అతుకుల వద్ద విరిగినట్లుంటాయి. చివర ట్రైపాడ్‌ను ప్రక్కకు జరిపి, అది నిలిచిన నేలను అంతే ఎత్తు నుండి చేతితో తీయవలెను. ఆ ఒక్కటి తీయనే లేదు. బస్సు తప్పిపోతుందని తొందరపెట్టినది మేమే.

అడుగున కళాశాల ముద్ర వేసి సరిపెట్టవచ్చునని ఒకరు సలహా ఇచ్చినారు. పిల్లవాడికి అది నచ్చలేదు. వారం తరువాత తెచ్చిన చిత్రంలో ట్రైపాడ్ లేదు. గట్టు కూడా లేదు! ప్రక్కనున్న నీటినే తెచ్చి అంతటా పరచినాడు. చూచినవారందరూ మెచ్చుకొన్నారు, నిజం చెప్పవలెనంటే మొదట మేమూ మెచ్చుకొన్నాము.

“గట్టు ఏమయింది, బాబూ?” అని అడిగితే, “కొల్లేరంటే నీళ్ళే కదా, సార్!” అన్నాడు.

కొల్లేటిలో గట్టు సామాన్యమైనది కాదు. 1999లో ఐదవ కాంటూరు వరకు సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లను తెగగొట్టినారు. పక్షులకు, బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదకు చోటు కావాలి. లంక గ్రామాల వారికి కూడు కావాలి. ఈ తగవంతా నిలిచినది గట్టు మీదనే. దానిని చెరిపితే ఏ పక్షానికీ న్యాయం జరుగదని మాకు తోచింది.

మరుసటి ఆదివారం ఉదయమే మళ్ళీ వెళ్ళి అన్నీ క్రొత్తగా తీసినాము. ఈసారి నేల చిత్రం మరువలేదు: బీటలు వారిన మట్టి, చినిగిన మేత బస్తా, మా చెప్పుల గుర్తులు. అడుగు భాగాన్ని వేరొక చతురస్రంగా విడదీసి ఆ చిత్రాన్ని అతికించగా ట్రైపాడ్ మాయమైంది. అయితే ఉదయపు ఎండలో దాని నీడ కొంతదూరం సాగినది కదా! దగ్గరి భాగం కొత్త చిత్రంతో పోయి, దూరపు ముక్క గట్టు మీద మిగిలింది.

“దీనినీ తీసివేయనా, సార్?” అని అడిగినాడు.

ఉండనిమ్మన్నాము. ప్రదర్శనలో ఆ నీడ ఎవరిదని ఇద్దరు మాత్రమే అడిగినారు.