మా గరాజులో ముసలి ట్రక్కు

ఆదివారం పూట రెండో తరగతి పిల్లలకి ఒత్తులు నేర్పే మాస్టారుగానే నేను మీలో చాలామందికి తెలుసు. ఈ ఏడాది సంచికకి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగితే "ఒత్తుల మీద రాయనా?" అన్నాను. "వద్దండీ బాబూ, పిల్లలు పారిపోతారు. మీ ట్రక్కు గురించి రాయండి" అన్నారు. కిందటి ఉగాది పిక్నిక్కులో మీ పిల్లలందరూ ఎక్కి తొక్కి, హారను మోగించి మోగించి పెద్దవాళ్ల చెవులు చిల్లులు పొడిచారే, ఆ ఆకుపచ్చ ట్రక్కు కథ ఇది.

అది 1951 నాటి షెవర్లే 3100. అర టన్ను బండి. ఆరు సిలిండర్లు, 216 క్యూబిక్ అంగుళాల ఇంజను, అంటే మన లెక్కలో దాదాపు మూడున్నర లీటర్లు. పెట్రోలు ట్యాంకు సీటు వెనకాలే, క్యాబు లోపలే ఉంటుంది. తాళంచెవి తిప్పితే స్టార్టు కాదు, నేల మీద ఉన్న పెడలుని కాలితో తొక్కాలి. 2018 అక్టోబరులో కొలంబస్ బయట ఒక రైతు కొట్టంలో, గడ్డిమోపుల మధ్య, నాలుగు టైర్లూ నేలకి కరుచుకుపోయి కనిపించింది. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు దాని అడుగుభాగాన్ని జల్లెడ చేసింది. 2,200 డాలర్లిచ్చి తెచ్చుకున్నాను. మా ఆవిడ ఒకసారి చుట్టూ తిరిగి చూసి, "మనింట్లో పాత సామాను తక్కువైందా?" అంది. ఆ చలికాలం నుంచి ఆవిడ కారు బయట మంచులోనూ, ఇది గరాజులోనూ ఉంటున్నాయి. ఆ విషయం ఇప్పటికీ వారానికోసారి గుర్తు చేస్తూనే ఉంటుంది.

ఎందుకు కొన్నావంటే సూటిగా చెప్పలేను. మా నాన్న విజయవాడ ఆటోనగర్లో లారీ మెకానిక్కు. పదమూడో ఏట మేస్త్రీ దగ్గర చేరి, టాటా మెర్సిడెస్ బెంజిలు, ఫార్గోలు, బెడ్‌ఫోర్డులు అన్నీ విప్పి బిగించిన మనిషి. అయితే నన్ను మాత్రం షెడ్డులోకి రానిచ్చేవారు కాదు. పదేళ్లప్పుడు ఎవరూ చూడకుండా ఒక కార్బొరేటరు విప్పాను. చెంప పగిలింది. "నువ్వు ఇంజనీరువి అవ్వాలి. నీ చేతికి గ్రీజు అంటకూడదు" అన్నారు. నాన్న మాట నిలబెట్టాను. నాలుగేళ్లు మెకానికల్ ఇంజనీరింగు చదివాను, ఆటో సైకిల్ బొమ్మ కళ్లు మూసుకుని గీసేవాణ్ని. అందరిలాగే తర్వాత సాఫ్ట్‌వేరులోకి దూకాను. చేతికి గ్రీజు అంటలేదు. ఒక్క ఇంజను కూడా విప్పకుండానే మెకానికల్ ఇంజనీరునైపోయాను.

కాబట్టి ట్రక్కు వచ్చాక ఏం జరిగిందో మీరు ఊహించుకోగలరు. విప్పడం సులువే. ప్రతి నట్టుకీ ఫొటో తీశాను, ప్లాస్టిక్ సంచుల్లో వేసి అంకెలు రాశాను, కంప్యూటర్లో పట్టిక తయారు చేశాను. ఏడాది తిరిగేసరికి గరాజు నిండా సంచులు, మధ్యలో అస్థిపంజరం. ఇంజను మాత్రం తిరగనంది. పిస్టన్లు సిలిండర్లకి పట్టేశాయి. అక్కడితో ఒక దుప్పటి కప్పేసి వదిలేశాను.

2020 మార్చి చివర్లో భారతదేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. ఏప్రిల్ రెండో వారంలో అమ్మ గుండెపోటుతో పోయింది. మీలో కూడా కొందరికి ఇలాంటి రోజులు వచ్చే ఉంటాయి, కాబట్టి ఎక్కువ చెప్పను. మా బాబాయి కొడుకు తలకొరివి పెట్టాడు. ఫోను పట్టుకున్న కుర్రాడి చెయ్యి వణికి, నాకు సగంసేపు ఆకాశమే కనిపించింది. ఆ తర్వాత పదకొండు రోజులు నాన్న నా ఫోను ఎత్తలేదు. పన్నెండో రోజు ఎత్తి, "తిన్నావా?" అన్నారు. అంతే. రెండేళ్లు మా మాటలన్నీ "తిన్నావా", "మందులు వేసుకున్నారా" దగ్గరే ఆగిపోయాయి. రాలేదని నా మీద కోపమనుకున్నాను. అడిగే ధైర్యం లేకపోయింది.

2022 మే నెలలో ఆరు నెలలు ఉండేలా నాన్న మా ఇంటికి వచ్చారు. మొదటి రెండు వారాలు సోఫాలో కూర్చుని టీవీ వైపు చూస్తూ ఉండేవారు. టీవీ ఆపేసి ఉన్నా సరే. మా పాపకి అప్పుడు పదకొండేళ్లు. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడలేనని ఇంగ్లీషులో చెప్పే రకం. తాతయ్యకి ఇంగ్లీషు రాదు. ముగ్గురం ఒకే గదిలో ఉండి, ఎవరి నిశ్శబ్దంలో వాళ్లం ఉండేవాళ్లం.

ఒక శనివారం పొద్దున్నే లేచేసరికి గరాజు తలుపు తెరిచి ఉంది. నాన్న పంచె పైకి కట్టి, దుప్పటి తీసి, బోనెట్ ఎత్తి నిలబడ్డారు. "ఇది షవర్లెట్టు కదరా" అన్నారు. నాకు అప్పుడే తెలిసింది, జనరల్ మోటార్స్ వాళ్లు 1928 నుంచి 1954 దాకా బొంబాయిలో ఈ షెవర్లే బండ్లు బిగించి అమ్మేవాళ్లని, ఆ కంపెనీ మూసేశాక కూడా ఆ లారీలు చాలా ఏళ్లు తిరిగాయని, నాన్న మేస్త్రీ మొదట నేర్చుకున్నది వాటి మీదేనని. తర్వాత నా ప్లాస్టిక్ సంచుల గుట్ట చూసి, "ఇదేంటి, కిరాణా కొట్టా?" అన్నారు. "విప్పిన వరసలో బల్ల మీద పెట్టుకో. బిగించేప్పుడు వెనక నుంచి రా. ఇంత రాతెందుకు?"

పట్టేసిన ఇంజనుకి నాన్న వైద్యం ఏమిటంటే ఓపిక. ప్లగ్గులు విప్పి ఆరు సిలిండర్లలోనూ డీజిలు, ఇంజనాయిలు కలిపి పోశారు. పన్నెండు రోజులు ముట్టుకోనివ్వలేదు. "ఇప్పుడు బలం చూపిస్తే రింగులు విరుగుతాయి" అన్నారు. ఆ పన్నెండు రోజులూ వృథా చేయకుండా తుప్పు పని పెట్టుకున్నాం. ఇది నా వంతు. పిల్లలూ, మీరు కెమిస్ట్రీ క్లాసులో చదివిందే. ఒక ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగకి, ఒక పనికిరాని ఇనపముక్కని పాజిటివ్ తీగకి తగిలించి ముంచితే, రాత్రికి రాత్రి తుప్పు వదులుతుంది. ఇది పెద్దవాళ్లు దగ్గరుండి, ఆరుబయటే చేయాలి, హైడ్రోజన్ వస్తుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, విషపు క్రోమియం పుడుతుంది. పొద్దున్నే తొట్టిలోంచి తీసిన బ్రాకెట్టుని నాన్న బొటనవేలితో రుద్ది చూశారు. "మేం ఉప్పుకాగితంతో నాలుగు రోజులు గీకేవాళ్లం. చదువుకున్నందుకు ఇదొకటి వచ్చిందన్నమాట" అన్నారు. నా జీవితంలో ఆయన నా చదువుని మెచ్చుకున్నది అదే మొదటిసారి.

పదమూడో రోజు ఫ్లైవీలు పళ్లకి గునపంలాంటి కడ్డీ ఆనించి, ఇద్దరం కలిసి మెల్లగా నొక్కాం. కదల్లేదు. కాసేపు ఆగి మళ్లీ నొక్కాం. వెంట్రుకవాసి కదిలింది. ఆ కడ్డీ మీద మా నాలుగు చేతులూ ఉండగా, నా వైపు చూడకుండానే నాన్న అన్నారు: "ఆ పదకొండు రోజులూ నీ ఫోను కావాలనే ఎత్తలేదురా."

నేను ఏమీ అనలేదు.

"కోపం లేదని అనను, ఉంది. ఎవరి మీదో నాకే తెలీదు. మీ అమ్మ మీదా, రోగం మీదా, విమానాల మీదా. నీ మీద చూపించాను. తర్వాత ఎత్తి ఏం చెప్పాలో తెలీలేదు." మళ్లీ, "నొక్కు, వదిలేశావేంటి?" అన్నారు.

నొక్కాను. ఇంజను పావు చుట్టు తిరిగింది. ఇద్దరం నేల మీద కూలబడ్డాం. నా ముఖం గ్రీజు చేత్తోనే తుడుచుకున్నాను. నాన్న చూశారు కానీ ఏమీ అనలేదు.

ఆ తర్వాత మా పాప కూడా గరాజులోకి రావడం మొదలుపెట్టింది. ఇంజనులో సిలిండర్లు ఒకటి, రెండు, మూడు అని వరసగా పేలవు. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు, ఇదీ వరస. అలా అయితేనే క్రాంకు షాఫ్టు మీద బరువు ఒకేచోట పడకుండా సర్దుకుంటుంది. ప్లగ్గు వైర్లు తగిలించాలంటే ఈ వరస తప్పకూడదు. తాతయ్య తెలుగులోనే చెప్పేవారు, పాప తెలుగులోనే అప్పజెప్పాలి. మన బడిలో రెండేళ్లు కూర్చున్నా "ఐదు"కీ "ఆరు"కీ తేడా చెప్పలేని పిల్ల, వారంలో ఆ ఆరంకెలూ పాటలా అనడం మొదలుపెట్టింది. ఒకరోజు కాగితం మీద రాసుకుని, "తాతయ్యా, ఒకటి ఆరు ఏడు. ఐదు రెండు ఏడు. మూడు నాలుగు ఏడు!" అంది. నిజమే, వరసలో మొదటి మూడింటికీ తర్వాతి మూడు కలిపితే ప్రతిసారీ ఏడే వస్తుంది. అవి జంట పిస్టన్లు, కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. అరవై ఏళ్ల అనుభవంలో నాన్నకి ఆ లెక్క తట్టలేదట. రెండు రోజులపాటు ఇండియా నుంచి ఫోను చేసిన ప్రతివాళ్లకీ చెప్పారు.

ఇక టైమింగు. నేను ముందువైపు పుల్లీ మీద గుర్తు కోసం టార్చిలైటుతో గంటసేపు వెతికాను. నాన్న వెనక్కి వెళ్లి, ఫ్లైవీలు మీద ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తూ ఇంజనుని చేత్తో తిప్పమన్నారు. ఈ ఇంజనుకి గుర్తు అక్కడ ఉంటుంది, ఫ్లైవీలులో పొదిగిన ఒక చిన్న ఉక్కు గోళీ. తర్వాత డిస్ట్రిబ్యూటరు పాయింట్లు. వాటి మధ్య సందు 0.016 అంగుళం ఉండాలి. నేను కొలిచే పరికరం కోసం వెతుకుతుంటే, నాన్న నా పర్సులోంచి మా ఆఫీసు విజిటింగు కార్డు తీసి, సందులో దూర్చి బిగించారు. తర్వాత పరికరంతో కొలిస్తే సరిగ్గా సరిపోయింది. "నీ ఉద్యోగం ఇన్నాళ్లకి దీనికి పనికొచ్చింది" అన్నారు.

ఇంకా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. బ్యాటరీ మార్చాను, లాభం లేదు. నాన్న బ్యాటరీ తీగ మీద చెయ్యి వేసి, "కాలుతోంది చూడు" అన్నారు. ఈ ట్రక్కుది ఆరు వోల్టుల కరెంటు. అదే శక్తికి పన్నెండు వోల్టుల బండి కన్నా రెట్టింపు కరెంటు పారాలి, కాబట్టి లావు తీగలు కావాలి. నేను ఈ కాలం కార్లకి అమ్మే సన్న తీగలు తగిలించాను. ఓమ్ సూత్రం పరీక్షలో రాసి నూటికి నూరు తెచ్చుకున్నవాణ్ని నేను. చెయ్యి వేసి కనిపెట్టింది ఎనిమిదో తరగతి చదివిన ఆయన.

సెప్టెంబరులో ఒక ఆదివారం సాయంత్రం, బండి న్యూట్రల్లో ఉందని రెండుసార్లు చూసుకుని, పాపని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాం. పెడలు తొక్కింది. దగ్గింది, ఆగింది. మళ్లీ తొక్కింది. తెల్లటి పొగ వదిలి, ఇల్లంతా అదిరేలా ఇంజను అందుకుంది. మా ఆవిడ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. పాప "తాతయ్యా, తిరిగింది! తిరిగింది!" అని అరిచింది. మీరు గమనించారో లేదో, తెలుగులో అరిచింది.

వెంటనే వీధిలోకి తీసుకెళ్దామన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "బండి కదలడం గొప్ప కాదురా, ఆగడం గొప్ప. ముందు బ్రేకులు చూడు." ఈ బండిలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేకు లైను, ఒకచోట కారితే నాలుగూ పోతాయి. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి, నాన్న అలవాటు ప్రకారం నోటితో దుమ్ము ఊదబోతే ఆపి, మాస్కు పెట్టించి, తడిగుడ్డతో తుడిపించాను. ఆ రోజు మాత్రం నేను గెలిచాను. గొట్టాలు, సిలిండర్లు అన్నీ కొత్తవి వేసేసరికి అక్టోబరు వచ్చింది.

మొదటిసారి బండి బయటికి తీసే రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. నాన్న అలవాటుగా కుడివైపు ఎక్కి కూర్చుని, స్టీరింగు కోసం చేతులు చాపి, అది లేదని చూసి నవ్వారు. అమ్మ పోయాక ఆయన నవ్వడం నేను చూసింది అదే. మా వీధి చివరిదాకా వెళ్లి వచ్చాం. పక్క వారం ఆయన విమానం ఎక్కారు.

రంగు తర్వాత నేనే వేశాను. డాష్‌బోర్డు వెనకాల దాక్కున్న అసలు ఆకుపచ్చ రంగు ముక్క చూసి అదే కలిపించాను. ఒహాయోలో 25 ఏళ్లు దాటిన బండ్లకి ఇచ్చే హిస్టారికల్ ప్లేటు తగిలించాను. లప్పం పెట్టినచోట కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది, దయచేసి దగ్గరికి వచ్చి చూడకండి.

నాన్న ఇప్పుడు విజయవాడలోనే ఉన్నారు. ప్రతి ఆదివారం బడి అయ్యాక ఫోను చేస్తాను. "తిన్నావా" తర్వాత, "బండి స్టార్టు చేసి ఫోను ఇంజను దగ్గర పెట్టు" అంటారు. పెడతాను. అక్కణ్నుంచి కాసేపు విని, "మూడో దాని టాపెట్టు మాట్లాడుతోంది, బిగించు" అంటారు. విప్పి చూస్తే ఎక్కువసార్లు ఆయన చెప్పిందే నిజం.

మీ ఇంట్లో కూడా ఈ వేసవికి తాతయ్యలు, అమ్మమ్మలు వచ్చే ఉంటారు. వాళ్లు సోఫాలో ఊరికే కూర్చున్నారనుకోకండి. మీ చేతిలో ఏదో ఒక పని పట్టుకుని వెళ్లి, రావట్లేదని అడగండి. వచ్చే ఉగాదికి పిక్నిక్కులో కలుద్దాం. ట్రక్కు ఎక్కాలంటే మాత్రం టిక్కెట్టు ఉంది: ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. తడుముకోకుండా అప్పజెప్పాలి. పెద్దవాళ్లకీ ఇదే టిక్కెట్టు!